ఇటు తిరిగి మాట్లాడు

మా షెడ్డులో ఎవడైనా గొంతుతో మాట్లాడాడంటే వాడు కొత్తగా చేరాడన్నమాట. ఒక్క రేకుల కప్పు కింద అన్ని సాంచాలు ఆడుతుంటే గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు, పైగా నోట్లోకి దూది నూగు పోతుంది. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. కాశిబుగ్గలో చేతిమగ్గం గుంటలోంచి లేచి వచ్చి సాంచా ముందు నిలబడ్డ మొదటివాళ్ళలో నేనొకణ్ణి. అక్కడ పెదవులతోనే పొద్దంతా ముచ్చట పెట్టేవాళ్ళం. పోగు తెగితే రెండు వేళ్ళు విడదీసి చూపేవాళ్ళం, సేటు వస్తుంటే మీసం దువ్వి చూపేవాళ్ళం, మిగతాదంతా పెదవులే. పెళ్ళి సంబంధాలు, అత్తాకోడళ్ళ కొట్లాటలు, ఎన్నికల్లో ఎవరు గెలుస్తారన్న పందేలు, అన్నీ ఆ మోతలోనే నడిచాయి. సిద్దిరాములంత మాటకారి ఆ షెడ్డులో లేడని, నాతోపాటు సాంచా నడిపే గట్టయ్య అనేవాడు.

సిద్దిరాములంటే నేనే. నాకు చెవుడు. ఎప్పుడొచ్చిందో చెప్పలేను, ఎందుకంటే షెడ్డులో అందరూ చెవిటివాళ్ళే. నా చెవుడు ఆ మోత చాటున హాయిగా పెరిగింది. కరెంటు పోయినప్పుడే నాకు భయం. షెడ్డు ఒక్కసారిగా సద్దుమణిగేది కాబోలు, మనుషులు పెదవులు సాగదీయడం మానేసి మామూలుగా మాట్లాడుకునేవాళ్ళు, అటు తిరిగి ఒకడు, ఇటు తిరిగి ఒకడు. నేను నూనె డబ్బా పట్టుకుని సాంచా కిందికి దూరేవాణ్ణి. కరెంటు రాగానే మళ్ళీ నేనే రాజును.

మోకాళ్ళు అరిగిపోయాయి. పొద్దంతా నిలబడలేకపోతున్నానని మా సేటు వీరభద్రం ఒకనాడు నా భుజాన కొత్త తువ్వాల కప్పి ఇంటికి పంపించాడు. ఆ తువ్వాల మడత చాన్నాళ్ళు విప్పలేదు. విప్పితే పని పోయినట్టు ఒప్పుకున్నట్టవుతుందని నా మొండి.

ఇంట్లో కూడా మొదట్లో బాగానే గడిచింది. నా భార్య రాములవ్వ అదే షెడ్డులో నూలు కండెలు చుట్టిన మనిషి. నా పెదవులు ఆమె చదువుతుంది, ఆమెవి నేను చదువుతాను. ముప్పై ఏళ్ళు మేము అలాగే కాపురం చేశాం, కొట్లాటలతో సహా. సాయంత్రం పని దిగి గట్టయ్య తిన్నగా మా ఇంటికే వచ్చేవాడు. ఎదురింటి మొగిలమ్మ పొగాకు నలుపుకుంటూ వచ్చేది. పక్కింటి వెంకట్రాజం బీడీ ముట్టించుకుని వచ్చేవాడు. మా అరుగు మీద అందరం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. వీధి దీపం వాళ్ళ ముఖాల మీద పడేలా నేను గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ణి. వాళ్ళ ముచ్చటలో సగానికి పైగా నాకు అందేది, మిగతా సగం గట్టయ్య నా వైపు తిరిగి పెదవులతో అందించేవాడు. ఒక మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

నాకు ముఖం కనబడితేనే మాట. ముఖం అటు తిరిగిందంటే నాకు ఆ మనిషి లేనట్టే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు, తక్కినదంతా మీకే తెలుస్తుంది.

చౌరస్తాలో బట్టల దుకాణంలో పనిచేసే మా కొడుకు సాంబమూర్తి ఆ దసరాకు టీవీ తెచ్చాడు. వాడి తప్పేం లేదు. మా వాడలో మొదటి టీవీ మా ఇంటికి వచ్చిందని నేనూ పొంగిపోయాను. ముందు గదుల మీద వేసిన స్లాబు ఎక్కి యాంటెనా గొట్టం నిలబెట్టేటప్పుడు నిచ్చెన పట్టుకున్నది నేనే. ఆ సాయంత్రం వాడంతా మా ఇంట్లోకి దిగింది. గట్టయ్యను పెద్దమనిషని అందరికన్నా ముందు కూర్చోబెట్టారు. నేను వచ్చినవాళ్ళకు చోటు చూపిస్తూ చూపిస్తూ చివరికి గోడ దగ్గర, అందరి వెనక కూర్చున్నాను. దీపం ఆర్పేశారు. అప్పుడు చూశాను. గదినిండా వీపులే.

మనిషి వీపుకు నోరుండదు. గట్టయ్య భుజాలు కుదిపి నవ్వుతున్నట్టున్నాడు. ఎందుకు నవ్వాడో చెప్పమని భుజం తట్టాను. వాడు తల తిప్పకుండానే చెయ్యి ఎత్తి ఆగమన్నాడు.

తెర మీద మనుషులూ పెదవులు కదిలిస్తున్నారు, కాని అది హిందీ. మా వాళ్ళకు మాత్రం అంతా అర్థమైందా? అంగట్లో వినే ఉర్దూ ముక్కలతో సగం పోల్చుకుంటున్నారు, మిగతా సగం ఊహించుకుంటున్నారు. అయినా ఎవరూ కదలరు. రాములవ్వకైతే ఒక్క ముక్క రాదు. అది నోరు తెరుచుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తుంది. నా వైపు అంత దీక్షగా పెళ్ళినాడు కూడా చూడలేదు.

రోజులు గడిచేకొద్దీ అరుగు ఖాళీ అయింది. వెంకట్రాజం బీడీ ఆర్పేసి లోపలికి పోతాడు. మొగిలమ్మ పొగాకు నలుపుడు గుమ్మం లోపలే. నేను లోపల కూర్చుని మాట్లాడబోతే మా వాడికి కోపం వచ్చేది. అప్పట్లో నా గొంతు నాకు తెలియకుండానే పెద్దదైపోయేదట. వాడు వెనక్కి తిరిగి, ముఖం చిట్లించి, చేత్తో కిందికి తగ్గించమన్నట్టు సైగ చేసేవాడు.

"బాపూ, జర మెల్లగ. ఇనబడ్తలేదు మాకు."

వాళ్ళకు వినబడటం లేదట! చెవిటివాడితో చెప్పాల్సిన మాటేనా అది? నవ్వుకుని తగ్గించాను. రెండు రోజులకు మళ్ళీ అదే సైగ. ఇంకా తగ్గించాను. కోడలు కళావతి మర్యాదస్తురాలు, నోటి మీద వేలు పెట్టుకుని "జర మెల్లగ మాట్లాడుండ్రి మామా" అనేది. సరే, ఇంకొంచెం తగ్గించాను. ఆ తర్వాత ఎవరూ నా వైపు తిరిగి సైగ చేయలేదు. ఇప్పటికి సరిపోయిందన్నమాట అనుకున్నాను.

ఇక అక్కడినుంచి మొదలైంది నా నరకం. మాట్లాడతాను, ఎవరూ పలకరు. "కళావతీ, జర మజ్జిగ పొయ్యి" అంటాను. ఆ పిల్ల పొయ్యి వైపు తిరిగి ఉంటుంది, పలకదు. రెండోసారి అడుగుతాను, మూడోసారి అడుగుతాను. ఇంత పొగరా అని మండిపోయి ముంత నేనే తీసుకుంటే అప్పుడు ఉలిక్కిపడి తిరిగి "అడుగొద్దా మామా?" అంటుంది. అడుగొద్దా! మూడుసార్లు అడిగినవాణ్ణి పట్టుకుని ఆ మాట అంటే ఎలా ఉంటుందో చెప్పండి. సాంబమూర్తి దుకాణానికి తయారవుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే "ఏం రా, గిరాకీ ఎట్లున్నది?" అని అడుగుతాను. వాడు దువ్వెన తీసుకుని వెళ్ళిపోతాడు. గట్టయ్య బిడ్డ సుగుణకు నర్సంపేట సంబంధం చూస్తున్నారని మొగిలమ్మ పెదవుల మీద పట్టుకుని, ఆ సంగతి ఏమైందని ముందు వరసలో కూర్చున్న గట్టయ్యను అతని వెనకే కూర్చుని అడిగాను. వాడు పలకలేదు. షెడ్డులో నాలుగు సాంచాల అవతలినుంచి నా కనుబొమ్మ కదిలితే అందుకున్న మనిషి!

నన్ను చచ్చినవాళ్ళలో జమ కట్టేశారని అనుకున్నాను. నా కంచంలోకి అన్నం వస్తుంది, నా మంచం మీద దుప్పటి మారుతుంది, మాట మాత్రం రాదు. మాట రానప్పుడు మనిషి ఏం చేస్తాడు? కూర్చుంటాడు. కూర్చున్నచోటే కూర్చున్నాను. గడ్డం గీసుకోవడం మానేశాను. తువ్వాల మడత విప్పాను, ఇక దాచుకుని ఏం లాభం?

నడుమ ఒక్క సాయంత్రం బతికాను. కోతుల మంద వచ్చి యాంటెనా మీద ఊగి గొట్టాన్ని వంచేసింది. బొమ్మ పోయింది. బాగుచేసేవాడు మర్నాటికి గాని రానన్నాడట. ఉస్సూరుమంటూ అందరూ అరుగు మీదికి వచ్చారు. మిగతావాళ్ళు అరుగు ఆ చివర టీవీ ముచ్చటలో పడ్డారు, గట్టయ్య ఒక్కడే నా ఎదురుగా కూర్చుని ముఖంలోకి చూశాడు.

"ఏం బావా, ఇట్ల గుంజుకపోయినవేంది?" అన్నాయి వాడి పెదవులు.

"నీ పుణ్యమే" అన్నాను. వాడు నవ్వాడు. అంటే అర్థమైంది! ఎన్ని నెలల తర్వాత నా మాటకు ఒక ముఖం కదిలింది! ఆగకుండా మాట్లాడాను. సుగుణ సంబంధం తప్పిపోయిందని, పిల్లవాడి అన్నకు ఫిట్సు ఉన్నాయని అప్పుడు చెప్పాడు. రాములవ్వ కూడా వచ్చి గడపలో కూర్చుని మధ్యమధ్య మాట కలిపింది. ఆ సాయంత్రం కోతులకు దండం పెట్టుకున్నాను. మర్నాడు గొట్టం నిలబడింది, మళ్ళీ వీపులు.

మరొక ఆదివారం మధ్యాహ్నం సాంబమూర్తి పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. వాడి ముఖం వెలిగిపోతోంది. "బాపూ, నీ కోసమే వచ్చింది సూడు" అన్నాడు. అందరికన్నా ముందు, గట్టయ్య చోటులో కూర్చోబెట్టాడు. తెర మీద ఒకామె చేతులతో వార్తలు చెబుతోంది. చెవిటివాళ్ళ కోసమట. ముందుకు జరిగి, కళ్ళు చిట్లించి, ఆ వేళ్ళ వెంట పడ్డాను. ఒక్కటీ తెలియలేదు. అవి మా షెడ్డు చేతులు కావు. ఎక్కడో బడిలో నేర్పే చేతులు. వేళ్ళు విడదీస్తే పోగు తెగిందని కాదు, మీసం లేదు, సేటు లేడు. పెదవులేమో మళ్ళీ హిందీ. వెనక్కి తిరిగి చూస్తే ఇంటిల్లిపాదీ నన్నే చూస్తోంది, సంతోషిస్తానని. నేను తల ఊపాను. ఏం చేయను? వాడు అంత ఆశగా చూస్తుంటే తల ఊపాను. ఆమె చేతులు ఆగేదాకా ఊపుతూనే కూర్చున్నాను. ఆ రోజు అన్నం తినలేదు. చెవిటివాళ్ళ లోకంలో కూడా నాకు చోటు లేదని తేలిపోయింది.

అదే వారం, సాయంత్రం. అందరూ టీవీ ముందు. రాములవ్వ పక్కన పోయి కూర్చున్నాను. దాని చెంప మీద తెర వెలుగు పడి నీలంగా మెరుస్తోంది. వయసులో ఉన్నప్పుడు ఆ చెంప మీద దూది నూగు అంటుకుని ఉంటే షెడ్డు బయట నేనే తుడిచేవాణ్ణి. దాని చేతిమీద చెయ్యి వేసి చెప్పాను.

"రాములూ, నాకు బతుకబుద్ధయితలేదే. పోతనే నేను."

అది నా చెయ్యి కింద ఉన్న తన చెయ్యిని తీయలేదు. తల కూడా తిప్పలేదు. తెర మీద ఎవడో బోర్లాపడితే కిలకిలా నవ్వింది. నేను కాసేపు ఆగాను. తర్వాత లేచి అరుగు మీదికి వచ్చాను. సరే, పొమ్మంది, అనుకున్నాను. అంతకన్నా చెప్పేదేముంది?

ఆ తర్వాత మావాడు నన్ను దవాఖానకు తీసుకెళ్ళాడు. డాక్టరు బల్ల అవతల తల వంచుకుని రాస్తున్నాడు. సాంబమూర్తి నా పక్కన నిలబడి చెబుతుంటే వాడి పెదవులు పక్కనుంచి సగమే కనిపించాయి. కాని ఒక మాట పూర్తిగా పట్టాను.

"మాట్లాడ్తలేడు సార్. ఎన్నో నెలల సంది ఒక్క మాట లేదు. కూసున్నకాడ కూసుంటాండు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవడు మాట్లాడటం లేదు? నేనా, మీరా? పలకనిది మీరు, నింద నా మీదా? "సార్, నేను మాట్లాడ్తనే ఉన్న, వీళ్ళే పలుకరు" అని చెప్పాను. డాక్టరు తల ఎత్తలేదు. మాత్రల చీటీ రాసి వాడి చేతికిచ్చి, నా వైపు చూడకుండానే తరువాతివాణ్ణి రమ్మని చెయ్యి ఊపాడు. చదువుకున్నవాడు కూడా పలకలేదు. ఇక లోకంలో ఎవరు మిగిలారు?

ఆ మాత్రలు మింగితే పగలూ రాత్రీ ఒకటే మత్తు. రాములవ్వ చూడకుండా మురిక్కాలువలో పారేశాను. అప్పుడే కోతులు గుర్తొచ్చాయి.

అందరూ పనుల్లో ఉండగా నిచ్చెన ఎక్కి యాంటెనాను కొంచెం పక్కకు తిప్పి దిగాను. మోకాళ్ళు ప్రాణం తీశాయి. సాయంత్రం అరుగు మీద దీపం కింద నా చోటులో కూర్చుని ఎదురుచూశాను. ఎవరూ బయటికి రాలేదు. తొంగిచూస్తే తెర మీద చుక్కలు గెంతుతున్నాయి, వీళ్ళు ఆ చుక్కల వైపే చూస్తూ కూర్చున్నారు. చుక్కలను! నా ముఖం కన్నా ఆ చుక్కలు నయమైపోయాయి వాళ్ళకు. సాంబమూర్తి స్లాబు ఎక్కి గొట్టం తిప్పుతుంటే, వచ్చిందా రాలేదా అని కిటికీలోంచి గట్టయ్య అరిచి చెబుతున్నాడు. కాసేపటికి బొమ్మ వచ్చింది.

ఆ రోజు నాకు కోపం కాదు వచ్చింది. భయం వచ్చింది. ఇక ఏం చేసినా వీళ్ళు తిరగరు అని.

ఆ తర్వాతి ఆదివారం సినిమా వేళకు, లోపల అందరూ చేరాక, నేను మళ్ళీ ఎక్కాను. ఎండాకాలం పొద్దు, ఇంకా వెలుగుంది. షెడ్డులో పోగులు కత్తిరించే చిన్న కత్తెర నా బొడ్లో దోపి ఉంది, సేటుకు తిరిగి ఇవ్వకుండా దాచుకున్న ఒకే ఒక్క వస్తువు. దాంతో యాంటెనా తీగ కోసేశాను. కోశాక దిగలేదు. నెపం కోతుల మీదికి తోసే ఉద్దేశం ఈసారి నాకు లేదు. స్లాబు అంచున నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డావంటే నిజం చెబుతాను: దిగడానికి నాకు కారణం కనిపించలేదు.

మొదట సాంబమూర్తి వచ్చాడు, తలెత్తాడు, నోరు తెరిచాడు. తర్వాత కళావతి, వెంకట్రాజం, మొగిలమ్మ, గట్టయ్య. చివరికి చెంగు నోట్లో కుక్కుకుంటూ రాములవ్వ. గదిలో ఉన్నవాళ్ళంతా వాకిట్లోకి వచ్చి తలలెత్తారు. అన్ని ముఖాలూ నా వైపే! ఒక్క వీపు లేదు! పడమటి వెలుగు ఆ ముఖాల మీద పడి ప్రతి పెదవీ నాకు స్పష్టంగా కనిపించింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను, ఏడుపొచ్చింది.

"తీగ కోసిండు, తీగ" అంటోంది కళావతి.

"ముసలాయనకు పిచ్చి లేసింది" అన్నాడు వెంకట్రాజం, నాకు వినబడదన్న ధైర్యంతో.

"దుంకుతడేమో! నిచ్చెన పట్టుండ్రి" అంది మొగిలమ్మ.

"బాపూ, నీ కాల్మొక్కుత, ఎనుకకు జరుగు" అంటున్నాడు సాంబమూర్తి.

నేను చెప్పాను. నెలల తరబడి చెప్పి చెప్పి జవాబు రానిదంతా మళ్ళీ చెప్పాను. నేను ఇక్కడే ఉన్నాను, గోడ దగ్గరే ఉన్నాను, మీ వెనకే కూర్చుని పిలుస్తున్నాను, ఒక్కరూ తిరగరా, నేనేం పాపం చేశాను, మజ్జిగ అడిగితే మీకు బరువైపోయానా, కొడుకు పలకడు, కోడలు పలకదు, కట్టుకున్నది పలకదు, ఇంత మందిలో ఒక్క ముఖం ఇటు తిప్పితే మీ సొమ్మేం పోయింది? చెబుతూ చెబుతూ ఆగాను. కిందివాళ్ళ ముఖాల్లో ఏదో తేడా వచ్చింది. కోపం పోయింది. ఒకరి వైపు ఒకరు చూసుకుంటున్నారు.

"ఏమంటాండు?" అని మొగిలమ్మ అడిగింది.

"పెదవులైతే కదుల్తానయ్" అన్నాడు వెంకట్రాజం. "సప్పుడే లేదు."

నాకు అర్థం కాలేదు. సప్పుడు లేకపోవడమేంటి, ఇంత అరుస్తుంటే? మళ్ళీ మొదలుపెట్టాను. అప్పుడు గట్టయ్య రెండడుగులు ముందుకు వచ్చాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నా నోటి వైపే చూస్తూ, తన పెదవులు కదిలించడం మొదలుపెట్టాడు. సాంబమూర్తి వాడి వైపు తిరిగి వింటున్నాడు.

"'నేను ఈడనే ఉన్న' అంటాండు" అన్నాయి గట్టయ్య పెదవులు. "'గోడకాడనే ఉన్న' అంటాండు. 'పిలుస్తాన్న, తిరుగరా' అంటాండు..."

నా మాట వీడెందుకు చెబుతున్నాడు? నా కొడుకు నా మాట వీడి నోట ఎందుకు వింటున్నాడు? ఏదో అనుమానం పాకింది. సాంచా ఆడుతుందో ఆగిందో చెక్క మీద చెయ్యి వేస్తే తెలుస్తుంది. అలాగే నా గొంతు మీద చెయ్యి వేసుకున్నాను. "గట్టయ్యా" అన్నాను. చెయ్యి కింద ఏ అదురూ లేదు. "సాంబా" అన్నాను. లేదు. "రాములూ" అన్నాను. గొంతు ఎండిన కర్రలా నిశ్చలంగా ఉంది.

తగ్గించు తగ్గించు అంటే తగ్గించుకుంటూ పోయాను. ఎక్కడ ఆగాలో చెప్పే చెవి నాకు లేదు. ఆగాల్సిన చోటు దాటిపోయి షెడ్డు మాటలోకి దిగిపోయాను, పెదవులు తప్ప ఏమీ లేని మాటలోకి. గట్టయ్యా రాములవ్వా నా ముఖం చూసినప్పుడు షెడ్డు అలవాటున పెదవులు చదివి జవాబిచ్చారు, వాళ్ళకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. చూడనివాళ్ళకు నేను మూగవాణ్ణి. నేను మజ్జిగ అడిగింది ఎవరూ వినలేదు. డాక్టరు వినలేదు. నేను చెప్పినవేవీ ఎవరికీ అందలేదు. మావాడు దవాఖానలో చెప్పింది నిజమే.

కడుపులోంచి బలమంతా కూడదీసుకుని గొంతులోకి తోశాను. ఈసారి చెయ్యి కింద అదిరింది. ఏమన్నానో నాకే తెలియదు. వెంకట్రాజం ఇంటి మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచి ఎగిరిపోయాయి. కింద కళావతి చెవులు మూసుకుంది. సాంబమూర్తి నేలమీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. గట్టయ్య నిచ్చెన ఎక్కి వచ్చి నన్ను వాటేసుకున్నాడు. వాడి గడ్డం నా భుజం మీద ఆడుతోంది, ఏదో చెబుతున్నాడు. ముఖం కనిపిస్తే కదా నాకు తెలిసేది!

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో నన్ను కళ్ళలో పెట్టుకున్నారు. కళావతి ఎదురుగా వచ్చి నిలబడి మజ్జిగ కావాలా అని అడుగుతుంది. సాంబమూర్తి దుకాణానికి పోయేముందు నా ముందు గొంతుకూర్చుని గిరాకీ సంగతి చెబుతాడు. తీగ మర్నాడే అతికించారు, అందులో నేను తప్పుపట్టేదేముంది? ఆదివారం సినిమాకు వాడ మళ్ళీ వచ్చింది. గట్టయ్య కాసేపు నా దగ్గర కూర్చుని, కాసేపటికి లోపలికి తొంగిచూసి, ఇప్పుడే వస్తానని వేలు చూపి వెళ్ళాడు.

రాములవ్వ వెళ్ళలేదు. అరుగు మీద నా ఎదురుగా, టీవీకి వీపు పెట్టి కూర్చుంది. కుడిచెయ్యి చాపి అరచేతిని నా గొంతు మీద ఆనించింది. ఇంట్లో దానికిదే ఇప్పుడు పని, నేను మాట్లాడేటప్పుడు గొంతు అదురుతుందో లేదో చూసి, అదరకపోతే వేలితో పొడవడం.

"ఇన్ని దినాలు నన్నేమేమన్నవ్?" అని అడిగింది. "ఒక్కటొక్కటి చెప్పు. అన్నీ ఇంట నేను."

"మజ్జిగ అడిగిన."

"ఇంకా?"

"వీపు గోకమన్న. నీకు జరమొచ్చిననాడు గోలి ఏసుకున్నవా అని అడిగిన."

దాని ముఖం నవ్వబోయి ఆగిపోయింది. "ఇంకా?"

"సుగుణ సంబంధం ముచ్చట."

"అది కోతులు వచ్చిననాడు చెప్పుకున్నదే. ఇంకేమన్నవ్?"

నేను వీధి దీపం వైపు చూశాను. గడ్డం పట్టుకుని నా ముఖాన్ని తన వైపు తిప్పుకుంది. అబద్ధం చెబుదామనుకున్నాను. కాని ఈ మనిషి దగ్గర పెదవులు అబద్ధం ఆడితే వెంటనే పట్టేస్తుంది.

"ఒకనాడు నీ పక్కపొంటి కూసోని, నీ చెయ్యి మీద చెయ్యేసిన. యాదికున్నదా?"

తల ఊపింది.

"నాకు బతుకబుద్ధయితలేదే, పోతనే అన్న. నువ్వు తిరుగలె. నవ్వినవ్. సరే పొమ్మన్నవనుకున్న."

గొంతు మీద దాని అరచెయ్యి చల్లబడిపోయింది. పెదవులు కదిలాయి గాని వాటిలో మాట లేదు, ముప్పై ఏళ్ళుగా చదువుతున్నవాణ్ణి నాకే దొరకలేదు. లోపల సినిమా మొదలైనట్టుంది, కళావతి గుమ్మంలోకి వచ్చి అత్తను రమ్మని పిలిచింది. ఒకసారి పిలిచింది, రెండోసారి కూడా పిలిచింది. రాములవ్వ తిరిగి చూడలేదు.